రేణువు, జీవకణం: పూత గల అయస్కాంత నానోరేణువుల నడవడి - తాండూరు, వికారాబాదు నేపథ్యంలో ఒక వివరణ

వ్యాససంగ్రహం:

ఇనుప ఆక్సైడు నానోరేణువుకు పలుచని పూత వేసి శరీరంలోకి పంపినప్పుడు జీవకణం దానిని ఎలా గుర్తిస్తుంది, ఎలా లోనికి తీసుకొంటుంది, చివరకు ఏం చేస్తుంది అన్న విషయాలను ఈ వ్యాసం వివరిస్తుంది. వికారాబాదు జిల్లాలో తాండూరు బండల పరిశ్రమ వల్ల రాతిదుమ్ము, అనంతగిరి క్షయ ఆసుపత్రి వల్ల క్షయ సూక్ష్మజీవి ప్రజలకు చిరపరిచితాలు. ఈ రెంటినీ ఎదుర్కొనే భక్షకకణమే అయస్కాంత నానోరేణువునూ ఎదుర్కొంటుంది. ఒకే జీవకణం మూడు రకాల రేణువుల పట్ల మూడు విధాలుగా ప్రవర్తించడానికి గల కారణాలను పోల్చి చూడడం, ఆ పోలికలో పూతకున్న ప్రాధాన్యాన్ని తేల్చడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: నానోరేణువు, జీవకణం, భక్షకకణం, మాగ్నటైట్, పూత, సిలికా, క్షయ, తాండూరు, అనంతగిరి.

1. ఉపోద్ఘాతం:

తెలుగులో విజ్ఞానశాస్త్రం రాసేవారికి 'కణం' అనే మాట ఒక చిక్కు తెచ్చిపెడుతుంది. భౌతికశాస్త్ర పాఠంలో కణమంటే అతి చిన్న పదార్థఖండం. జీవశాస్త్ర పాఠంలో కణమంటే ప్రాణికి మూలమైన నిర్మాణఘటకం. రాబర్ట్ హుక్ 1665లో బెండు ముక్కను సూక్ష్మదర్శినిలో చూసి, అందులోని గూళ్ళకు 'చిన్నగది' అనే అర్థం గల ఆంగ్లపదాన్ని వాడాడు. తెలుగులో స్థిరపడిన పదానికి మాత్రం గింజ, నలుసు, అణువంత ముక్క అనే అర్థాలున్నాయి. గది అనుకొంటే దానికి గోడ, తలుపు, లోపలికి వచ్చే అతిథి వెంటనే స్ఫురిస్తాయి. నలుసు అనుకొంటే అవేవీ స్ఫురించవు. 'కణం కణంలోకి ప్రవేశిస్తుంది' అని రాస్తే చదువరికి ఏది ఎందులోకి వెళ్ళిందో బోధపడదు. అందువల్ల ఈ వ్యాసంలో నిర్జీవమైన పదార్థఖండానికి 'రేణువు' అనీ, ప్రాణమున్న ఘటకానికి 'జీవకణం' అనీ వ్యవహరించడం జరిగింది.

ఈ పదవిభజన కేవలం భాషాసౌలభ్యం కోసం కాదు. రేణువుకూ జీవకణానికీ నడుమ జరిగే వ్యవహారమే ఈ వ్యాసవిషయం. ఆ వ్యవహారానికి వికారాబాదు జిల్లాలో ప్రత్యక్ష నిదర్శనాలున్నాయి. 2016 అక్టోబరు 11న రంగారెడ్డి జిల్లా నుండి విడివడి ఏర్పడిన ఈ జిల్లాలో తాండూరు పరిసరాలు నాపబండలకు ప్రసిద్ధి. గనిలో బండను తీయడం, కోయడం, నునుపు చేయడం అనే మూడు దశల్లోనూ దుమ్ము లేస్తుంది. వికారాబాదు పట్టణానికి దగ్గరలోని అనంతగిరి కొండలపై నిజాం కాలం నాటి క్షయ ఆసుపత్రి ఉంది. ఒకచోట రాతిరేణువు, మరొకచోట క్షయ సూక్ష్మజీవి. రెండూ చేరేది ఊపిరితిత్తుల్లోని వాయుగోణులకే. రెంటినీ మొదట పట్టుకొనేది అక్కడ కాపలా ఉండే భక్షకకణమే.

నేటి వైద్యపరిశోధనలో ప్రముఖంగా వినిపిస్తున్న అయస్కాంత నానోరేణువు ఈ వరుసలో మూడవ అతిథి. దాని నడవడిని అర్థం చేసుకోవాలంటే ముందటి ఇద్దరినీ పక్కన నిలిపి చూడడం మేలైన మార్గం.

2. పరిమాణాల అవగాహన:

ఒక మిల్లీమీటరులో వెయ్యోవంతు మైక్రాన్. మైక్రాన్‌లో వెయ్యోవంతు నానోమీటరు. మనిషి ఎర్రరక్తకణం వ్యాసం సుమారు 7 నుండి 8 మైక్రాన్లు. క్షయ సూక్ష్మజీవి పొడవు 2 నుండి 4 మైక్రాన్లు. రాతిదుమ్ములో 10 మైక్రాన్లకు మించిన రేణువులు చాలావరకు ముక్కులోనో గొంతులోనో ఆగిపోతాయి. సుమారు 4, 5 మైక్రాన్లకు లోపు ఉన్నవి వాయుగోణుల దాకా చేరగలవు. కంటికి కనిపించే దుమ్ముకంటె కనిపించని దుమ్మే ఎక్కువ ప్రమాదకరం కావడానికి కారణమిదే.

వైద్యంలో వాడే అయస్కాంత నానోరేణువు గర్భం సాధారణంగా 5 నుండి 15 నానోమీటర్లు ఉంటుంది. పూతతో కలిపి కొలిస్తే 20 నుండి 150 నానోమీటర్ల దాకా ఉండవచ్చు. వాయుగోణిలోని భక్షకకణం వ్యాసం సుమారు 20 మైక్రాన్లు. అంటే 10 నానోమీటర్ల గర్భానికి అది రెండువేల రెట్లు. రెండడుగుల తాండూరు బండను భక్షకకణంగా ఊహిస్తే, దానిపై పడిన సన్నని బొంబాయిరవ్వ పలుకు నానోరేణువు గర్భం అవుతుంది. అదే లెక్కన క్షయ సూక్ష్మజీవి సుమారు రెండున్నర నుండి ఐదు అంగుళాల పొడవైన పుల్ల అవుతుంది. ఇంతటి పరిమాణభేదం ఉన్నప్పుడు జీవకణం వాటిని ఒకే దారిన లోనికి తీసుకోదు.

3. అయస్కాంతధర్మం - పరిమాణం తెచ్చే మార్పు:

ఇసుకలో అయస్కాంతాన్ని తిప్పితే నల్లని రజను దానికి అంటుకొంటుంది. పల్లెల్లో పిల్లలందరికీ తెలిసిన ఆట ఇది. ఆ రజనులో ముఖ్యభాగం మాగ్నటైట్ అనే ఇనుప ఆక్సైడు. దక్కను పీఠభూమిలోని నల్లరాతిలో ఈ జాతి ఖనిజం సహజంగానే ఉంటుంది. రాయి శిథిలమై నల్లరేగడిగా మారినప్పుడు అందులోనూ చేరుతుంది. వైద్యంలో వాడే నానోరేణువుల్లో అధికభాగం ఈ మాగ్నటైట్‌తోనో, దాని ఆక్సీకరణరూపమైన మాగ్హమైట్‌తోనో తయారవుతాయి. అయితే ఇసుకలోని రజనుకూ నానోరేణువుకూ అయస్కాంతధర్మంలో ఒక మౌలికభేదం ఉంది.

పెద్ద అయస్కాంతపు ముక్క తన అయస్కాంతత్వాన్ని నిలుపుకొంటుంది. మాగ్నటైట్ రేణువు సుమారు 20 నానోమీటర్లకు లోపుగా చిన్నదైనప్పుడు గది ఉష్ణోగ్రతలోని వేడే దాని అయస్కాంతదిశను క్షణక్షణం తిప్పివేస్తూ ఉంటుంది. అందువల్ల బయటి అయస్కాంతక్షేత్రం లేనప్పుడు దాని సగటు అయస్కాంతత్వం సున్నా. క్షేత్రం పెట్టగానే అది బలంగా స్పందిస్తుంది, తీసివేయగానే మరచిపోతుంది. ఫ్రెంచి భౌతికశాస్త్రజ్ఞుడు లూయీ నీల్ 1949లో దీనికి సిద్ధాంతరూపం ఇచ్చాడు. ఆయనకు 1970లో నోబెల్ బహుమతి లభించింది. ఈ ధర్మాన్ని సూపర్‌పారా అయస్కాంతత్వం అంటారు.

జీవకణం దృష్టితో చూస్తే ఈ 'మరపు' గొప్ప సుగుణం. రేణువులు తమ అయస్కాంతత్వాన్ని నిలుపుకొంటే ఒకదానికొకటి అతుక్కొని గడ్డలు కడతాయి. సన్నని రక్తనాళాల్లో అలాంటి గడ్డ అడ్డుపడడం ప్రాణాపాయం. మరచిపోయే స్వభావం వల్ల ఆ ప్రమాదం తగ్గుతుంది. తగ్గుతుందే గాని పూర్తిగా పోదు. మిగిలిన ప్రమాదాన్ని నివారించవలసింది పూత.

4. పూత - అవసరం, స్వరూపం:

ఇత్తడిగిన్నెలో పులుసు కాచేముందు కళాయి ఉన్నదో లేదో చూసుకోవడం తెలుగు వంటింటి పాత అలవాటు. కళాయి పోయిన గిన్నెలో చింతపండు పులుసు కాస్తే అందులోని ఆమ్లం లోహాన్ని కరిగించి వంటను పాడుచేస్తుంది. గిన్నె అదే, పులుసు అదే. నడుమ ఉన్న పలుచని తగరపు పూత ఒక్కటే తేడా. నానోరేణువు విషయంలోనూ పూత చేసే మొదటి పని ఇదే. లోపలి ఇనుప ఆక్సైడును బయటి రసాయనిక పరిసరం నుండి వేరుచేస్తుంది.

రెండవ పని ఎడం కల్పించడం. నానోరేణువుల బరువుతో పోలిస్తే వాటి ఉపరితల వైశాల్యం చాలా ఎక్కువ. పూత లేని రేణువులు ఆ ఉపరితలశక్తిని తగ్గించుకోవడానికి ఒకదానినొకటి అంటిపెట్టుకొంటాయి. డెక్స్‌ట్రాన్ వంటి పిండిపదార్థపు గొలుసులు, పాలీఇథిలీన్ గ్లైకాల్, సిట్రిక్ ఆమ్లం, కైటోసాన్, సిలికా మొదలైనవాటిని పూతగా వాడినప్పుడు రేణువులు నీటిలో విడివిడిగా నిలుస్తాయి. గొలుసుల అడ్డం వల్ల కొన్నిటిలో, ఒకే జాతి విద్యుదావేశం వల్ల మరికొన్నిటిలో ఈ ఎడం ఏర్పడుతుంది.

మూడవ పని గుర్తింపునివ్వడం. పూతకు ప్రతిరక్షకాన్నో, విటమిన్నో, ఔషధాన్నో అతికించవచ్చు. జీవకణానికి కనిపించేది లోపలి ఇనుము కాదు, పైనున్న పూత.

ఈ ఏర్పాటు మనిషి కనిపెట్టినదేమీ కాదు. కొన్ని బురదనేలల సూక్ష్మజీవులు తమ లోపలే మాగ్నటైట్ పలుకులను తయారుచేసుకొని, వాటి చుట్టూ కొవ్వుపొర అల్లుకొని, భూమి అయస్కాంతక్షేత్రాన్ని అనుసరించి ఈదుతాయి. రిచర్డ్ బ్లేక్‌మోర్ 1975లో వీటిని వెలుగులోకి తెచ్చాడు. మనిషి శరీరంలో ఇనుమును దాచే ఫెరిటిన్ కూడా ఇటువంటిదే. 24 ప్రోటీన్ భాగాలతో కట్టిన సుమారు 12 నానోమీటర్ల గోళం అది. దాని బోలులో 4,500 దాకా ఇనుప పరమాణువులు ఇముడుతాయి. ఇనుమును విడిగా వదలకుండా ఒక పొరలో కప్పి ఉంచడం జీవకణానికి అనాదిగా తెలిసిన విద్య.

5. రక్తంలో - పూతపై మరో పూత:

ప్రయోగశాలలో వేసిన పూత రక్తంలోకి చేరిన కొద్ది క్షణాల్లోనే మారిపోతుంది. రక్తంలోని ప్రోటీన్లు దానిపై అంటుకొని మరో పొరగా ఏర్పడతాయి. 2007లో శాస్త్రజ్ఞులు దీనికి 'ప్రోటీన్ కిరీటం' అనే అర్థం గల పేరు పెట్టారు. జీవకణం తాకేది ఈ కిరీటాన్నే. అందుచేత ఒకే రేణువు గాజుపాత్రలో ఒక విధంగా, రక్తంలో మరొక విధంగా ప్రవర్తించడం తరచుగా కనిపిస్తుంది.

అంటుకొన్న ప్రోటీన్లలో కొన్ని 'ఇది పరాయిది, తినివేయదగినది' అని భక్షకకణాలకు సూచన ఇస్తాయి. రక్తంలో తిరిగే రేణువులను కాలేయంలోనూ ప్లీహంలోనూ ఉండే భక్షకకణాలు ఇలాగే ఏరివేస్తాయి. ఇది కొన్ని అవసరాలకు అడ్డంకి, కొన్నిటికి వరం. డెక్స్‌ట్రాన్ పూత గల ఇనుప ఆక్సైడు రేణువులకు కాలేయపు ఎంఆర్‌ఐ చిత్రణ కోసం 1996లో అమెరికాలో అనుమతి లభించింది. ఆరోగ్యంగా ఉన్న కాలేయభాగంలో భక్షకకణాలు రేణువులను మింగుతాయి. ఆ భాగం చిత్రంలో నల్లబడుతుంది. కంతి ఉన్నచోట భక్షకకణాలు తక్కువ. అది తెల్లగానే మిగిలి బయటపడుతుంది. రేణువును తినివేసే స్వభావమే ఇక్కడ రోగనిర్ధారణకు సాధనమైంది.

రేణువు ఎక్కువసేపు రక్తంలో తిరగాలంటే పాలీఇథిలీన్ గ్లైకాల్ వంటి పూత వాడతారు. అది నీటిని పట్టి ఉంచి ప్రోటీన్లు అంటుకోవడాన్ని తగ్గిస్తుంది. పరిమాణానికీ హద్దులున్నాయి. సుమారు 6 నానోమీటర్లకు లోపు ఉంటే మూత్రపిండాల జల్లెడ గుండా పోతుంది. 200 నానోమీటర్లు దాటితే ప్లీహం వడకడుతుంది.

6. జీవకణంలోకి ప్రవేశం:

రేణువును మింగే భక్షకకణాల అధ్యయనానికి పేరుపొందినవాడు రష్యా దేశపు జీవశాస్త్రజ్ఞుడు ఇల్యా మెచ్నికోవ్. 1882లో ఇటలీలోని మెస్సీనాలో నక్షత్రచేప డింభకంలో ముల్లు గుచ్చి, దానిచుట్టూ జీవకణాలు మూగడాన్ని ఆయన చూశాడు. అదే సంవత్సరం మార్చి 24న రాబర్ట్ కోచ్ బెర్లిన్‌లో క్షయ సూక్ష్మజీవిని ప్రకటించాడు. దాడిచేసేదీ ఎదిరించేదీ ఒకే ఏడాది శాస్త్రానికి పరిచయం కావడం విశేషం. మెచ్నికోవ్ 1908లో పాల్ ఎర్లిచ్‌తో కలిసి నోబెల్ బహుమతి పొందాడు.

జీవకణపు పైపొర లోనికి ముడుచుకొని, రేణువును సంచిలో చుట్టి తీసుకోవడాన్ని అంతర్గ్రహణం అంటారు. ఇందులో స్థూలంగా మూడు తీరులున్నాయి. అర మైక్రాన్‌కు మించిన రాతిపలుకును, సూక్ష్మజీవిని భక్షకకణం చేతులు చాచినట్లు పొరను చాచి మింగుతుంది. సుమారు 100 నానోమీటర్ల పరిమాణంలో ఉన్నవి పొరలోని గ్రాహకాలకు తగులుకొని చిన్నచిన్న గుంటల ద్వారా లోనికి దిగుతాయి. మూడవ తీరులో జీవకణం చుట్టూ ఉన్న ద్రవాన్ని గుక్కగా మింగినప్పుడు అందులోని రేణువులూ వెంట వస్తాయి. మొదటి తీరు ముఖ్యంగా భక్షకకణాలది. తక్కిన రెండూ దాదాపు అన్ని జీవకణాలకూ సాధ్యమే.

పూత స్వభావాన్ని బట్టి ప్రవేశం మారుతుంది. జీవకణపు పైపొర ఋణావేశం గలది. ధనావేశం గల పూత దానికి గట్టిగా అంటి త్వరగా లోనికి పోతుంది. పొరను గాయపరచే అవకాశమూ ఎక్కువ. తటస్థమైన పూత నెమ్మదిగా పోతుంది, హాని తక్కువ. వేగమూ క్షేమమూ ఒకేచోట దొరకకపోవడం ఈ రంగంలో మాటిమాటికీ ఎదురయ్యే సమస్య.

గ్రాహకాన్ని గురిపెట్టి పంపే పద్ధతిలో తెలుగువారికి ఆత్మీయమైన ఒక సందర్భం ఉంది. భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలల్లో పరిశోధనలకు నాయకత్వం వహించారు. 1940ల నడుమ ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. దానిని పోలిన వ్యతిరేక ఔషధం అమినోప్టెరిన్‌తో సిడ్నీ ఫార్బర్ పిల్లల ల్యుకేమియాకు చేసిన చికిత్స ఫలితాలు 1948లో వెలువడ్డాయి. సుబ్బారావు మరణించినదీ ఆ ఏడాదే. అండాశయ క్యాన్సర్ వంటి కొన్ని కంతుల జీవకణాలు ఫోలిక్ ఆమ్లం కోసం తమ పొరపై అధికంగా గ్రాహకాలను నిలుపుకొంటాయి. అందువల్ల నానోరేణువు పూతకు ఫోలిక్ ఆమ్లాన్ని అతికిస్తే ఆ జీవకణాలు దానిని ఆహారమనుకొని లోనికి తీసుకొంటాయి. ప్రయోగశాలల్లో విరివిగా పరీక్షించిన మార్గమిది.

7. జీవకణం లోపల:

లోనికి వచ్చిన సంచి చివరకు లైసోసోమ్ అనే జీర్ణకోశంతో కలుస్తుంది. దాని పీహెచ్ విలువ 4.5 నుండి 5 దాకా ఉంటుంది. పులుసు కాచే గిన్నెతో పోల్చదగిన ఘట్టం ఇక్కడే వస్తుంది. ఆమ్లమూ ఎంజైములూ కలిసి మొదట ప్రోటీన్ కిరీటాన్ని, తరువాత డెక్స్‌ట్రాన్ వంటి పూతను కరిగిస్తాయి. పిదప ఇనుప ఆక్సైడు కొద్దికొద్దిగా కరిగి ఇనుప అయాన్లుగా విడిపోతుంది. కళాయి పోయిన గిన్నెలో జరిగినదే ఇక్కడా జరుగుతుంది. అయినా జీవకణం వెంటనే పాడుకాదు.

దీనికి కారణం భక్షకకణాల నిత్యకృత్యంలో ఉంది. ప్లీహంలోనూ కాలేయంలోనూ ఉన్న భక్షకకణాలు ముసలి ఎర్రరక్తకణాలను మింగి, రోజుకు 20 నుండి 25 మిల్లీగ్రాముల ఇనుమును వెలికితీసి మళ్ళీ వాడుకకు పంపుతుంటాయి. ఇనుమును ఫెరిటిన్‌లో దాచడం, ట్రాన్స్‌ఫెరిన్ అనే ప్రోటీన్‌కు అప్పగించడం వాటికి రోజువారీ పని. నానోరేణువు నుండి వచ్చిన ఇనుమూ అదే ఖాతాలో జమ అవుతుంది. కొంతకాలానికి అది కొత్త రక్తంలో భాగమవుతుంది. ఈ సూత్రం మీదనే ఫెరుమోక్సిటాల్ అనే ఔషధానికి 2009లో అమెరికాలో అనుమతి లభించింది. దీర్ఘకాలిక మూత్రపిండవ్యాధి గలవారి రక్తహీనతకు ఇచ్చే ఈ మందు పిండిపదార్థపు పూత గల ఇనుప ఆక్సైడు నానోరేణువే. ఒక మోతాదులో 510 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది.

ఇక్కడ రెండు హెచ్చరికలు అవసరం. ఇనుప అయాన్లు పరిమితికి మించి విడుదలైతే అవి జీవకణంలోని హైడ్రోజన్ పెరాక్సైడుతో కలిసి తీవ్రమైన ఫ్రీరాడికల్స్‌ను పుట్టిస్తాయి. హెన్రీ ఫెంటన్ 1894లో వివరించిన చర్య ఇది. కొవ్వుపొరలు, ప్రోటీన్లు, జన్యుపదార్థం దానివల్ల దెబ్బతింటాయి. శరీరానికి అదనపు ఇనుమును విసర్జించే ప్రత్యేకమైన దారి లేదు. రోజూ సహజంగా పోయేది 1 నుండి 2 మిల్లీగ్రాములే. కనుక మోతాదే ఔషధానికీ విషానికీ సరిహద్దు. రెండవది, పూత వల్ల కొందరిలో తీవ్రమైన అలర్జీ రావచ్చు. ఫెరుమోక్సిటాల్ వల్ల ప్రాణాంతకమైన అలర్జీలు నమోదైనందున 2015లో అమెరికా ఔషధనియంత్రణసంస్థ దానిపై అత్యంత తీవ్రస్థాయి హెచ్చరికను ముద్రింపజేసింది. కాపాడే పూతే కొందరికి ఆపద కాగలదు.

8. ముగ్గురు అతిథులు - తులనాత్మక పరిశీలన:

8.1 రాతిరేణువు: తాండూరు బండ ప్రధానంగా సున్నపురాయి. దాని దుమ్ములోని కాల్షియం కార్బొనేట్ లైసోసోమ్ ఆమ్లంలో కరిగిపోగలదు. చిక్కంతా దానితో కలిసి ఉండే స్ఫటికరూప సిలికాతోనే. అది కరగదు. పైగా దాని ఉపరితలం లైసోసోమ్ పొరను చీల్చుతుంది. ఆమ్లమూ ఎంజైములూ జీవకణంలోకి కారుతాయి. జీవకణం వాపును పిలిచే సంకేతాలను వెదజల్లి మరణిస్తుంది. సిలికా పలుకు మాత్రం చెక్కుచెదరదు. మరో భక్షకకణం వచ్చి దానిని మింగుతుంది, అదీ మరణిస్తుంది. ఏళ్ళ తరబడి సాగే ఈ చక్రంలో ఊపిరితిత్తి పీచుకట్టి గట్టిపడుతుంది. సిలికోసిస్ అంటే ఇదే. దుమ్ములో సిలికా పాలెంత, పీల్చిన కాలమెంత అన్నదాన్ని బట్టి ప్రమాదం పెరుగుతుంది.

8.2 క్షయ సూక్ష్మజీవి: ఇది మైనపు పదార్థాలతో కూడిన దట్టమైన పైపొర గలది. ఒక విధంగా ఇదీ పూతే. భక్షకకణం దీనిని మింగుతుంది గాని, మింగిన సంచి లైసోసోమ్‌తో కలవకుండా సూక్ష్మజీవి అడ్డుకొంటుంది. తనను తినడానికి వచ్చిన జీవకణాన్నే ఇల్లుగా చేసుకొంటుంది. సిలికా వల్ల భక్షకకణాలు బలహీనపడిన ఊపిరితిత్తిలో దీనికి ఎదురే ఉండదు. సిలికోసిస్ ఉన్నవారికి క్షయ సోకే ముప్పు ఎక్కువ కావడానికి మూలం ఇదే. రాతిపని జరిగే తాండూరుకూ క్షయరోగులను చేర్చుకొనే అనంతగిరికీ నడుమ శాస్త్రపరమైన దారి ఒకటి ఉన్నదంటే అది భక్షకకణం గుండానే పోతుంది.

8.3 పూత గల అయస్కాంత నానోరేణువు: ఇది లైసోసోమ్‌ను చీల్చదు, తప్పించుకోదు. తగిన మోతాదులో నెమ్మదిగా కరిగి జీవకణపు ఇనుప నిల్వలో చేరుతుంది.

ఈ మూడింటిలో నానోరేణువే అతి చిన్నది. అయినా అతి తక్కువ హాని చేసేదీ అదే కావచ్చు. దీనిని బట్టి హానిని నిర్ణయించేది పరిమాణం ఒక్కటే కాదనీ, ఉపరితలస్వభావం, కరిగే గుణం, మోతాదు ప్రధానమనీ తేలుతుంది. సిలికా ఉదాహరణ దీనిని మరింత స్పష్టం చేస్తుంది. స్ఫటికరూపంలో ఊపిరితిత్తిని పాడుచేసే సిలికాయే, స్ఫటికక్రమం లేని రూపంలో అయస్కాంత రేణువులకు పూతగా ఉపయోగపడుతుంది. కోవిడ్ కాలంలో నమూనాల నుండి వైరస్ ఆర్‌ఎన్‌ఏను వేరుచేయడానికి అనేక ప్రయోగశాలలు వాడినవి సిలికా పూత గల అయస్కాంత పూసలే. పేరు ఒకటే, అమరిక వేరు, ఫలితం వేరు.

9. వినియోగాలు, పరిమితులు:

కోరిన జీవకణాలను రక్తం నుండి వేరుచేయడం వీటి స్థిరపడిన ఉపయోగం. ప్రతిరక్షకం అతికించిన రేణువు తగిన జీవకణాన్ని పట్టుకొంటుంది. అయస్కాంతం దానిని పక్కకు లాగుతుంది. కంతిని వేడిచేసి నశింపజేసే చికిత్స మరొకటి. అమినోసిలేన్ పూత గల రేణువులను మెదడు కంతిలోకి ఎక్కించి, సెకనుకు లక్షసార్లు దిశ మారే అయస్కాంతక్షేత్రంలో ఉంచితే అవి వేడెక్కుతాయి. జర్మనీలో రూపొందిన ఈ పద్ధతికి 2010లో ఐరోపాలో అనుమతి లభించింది.

ఇక్కడ కూడా జీవకణం తన పాత్ర తాను వహిస్తుంది. లైసోసోమ్‌లో కుక్కినట్లు చేరిన రేణువులు స్వేచ్ఛగా తిరగలేవు. పరస్పర ప్రభావానికీ లోనవుతాయి. దానివల్ల గాజుపాత్రలో కొలిచిన వేడి జీవకణంలో రాకపోవచ్చు. రేణువు జీవకణాన్ని మార్చడమే కాదు, జీవకణం కూడా రేణువును మారుస్తుంది. అందుకే పాత్రలోని ఫలితాన్ని నేరుగా రోగికి అన్వయించడం తగదు.

పూత లేని మాగ్నటైట్ మరో విధమైన ఆందోళన కలిగిస్తున్నది. మెక్సికో నగరం, మాంచెస్టర్ వాసుల మెదడు నమూనాల్లో గుండ్రని మాగ్నటైట్ నానోరేణువులు కనిపించినట్లు 2016లో ఒక అధ్యయనం వెల్లడించింది. వాటి ఆకారం మంటల్లో, అధిక ఉష్ణోగ్రతల్లో పుట్టినవాటిని పోలి ఉండడం వల్ల వాయుకాలుష్యమే మూలమని పరిశోధకులు భావించారు. వైద్యుడు మోతాదు కొలిచి ఇచ్చే పూత గల రేణువూ, గాలిలో ఎవరూ కొలవకుండా పీల్చే రేణువూ ఒకటి కావు.

ఈ వివరణ నుండి తాండూరు కార్మికునికి అందవలసిన మాట ఒకటుంది. ఊపిరితిత్తిలో దిగిన సిలికాను అయస్కాంతం లాగలేదు, ఎందుకంటే సిలికా అయస్కాంతపదార్థం కాదు. నానోరేణువులు దానిని కడిగివేయలేవు. పని ముగిశాక బెల్లం తింటే దుమ్ము దిగిపోతుందన్న నమ్మకానికీ గట్టి ఆధారం లేదు. బెల్లం వెళ్ళే దారి అన్నవాహిక, దుమ్ము ఉన్న చోటు వాయుగోణి. పీచుకట్టిన ఊపిరితిత్తిని తిరిగి మెత్తబరచే చికిత్స నేటికీ లేదు. కోతవద్ద నీళ్ళు చల్లడం, దుమ్మును పుట్టినచోటే పీల్చివేసే యంత్రాలు, సన్నని రేణువులను ఆపగల మాస్కు, క్రమం తప్పని ఛాతీపరీక్ష, దగ్గు రెండు వారాలు దాటితే క్షయపరీక్ష - ఇవే ఆధారపడదగిన మార్గాలు. ముఖానికి కట్టుకొన్న తువ్వాలు పెద్ద దుమ్మును ఆపుతుంది గాని ప్రాణాంతకమైన సన్నని రేణువును సరిగా ఆపలేదు.

10. ముగింపు:

* జీవకణం రేణువును దాని ఉపరితలాన్ని బట్టి గుర్తిస్తుంది. కనుక పూత రేణువుకు అలంకారం కాదు, దాని నడవడిని నిర్ణయించే ప్రధానాంశం.
* రక్తంలోని ప్రోటీన్లు పూతపై మరో పొర కడతాయి. పూత తయారీలో ఈ రెండవ పొరను ముందుగానే లెక్కలోకి తీసుకోవాలి.
* ఇనుప ఆక్సైడు వైద్యానికి అనువుగా ఉండడానికి అయస్కాంతధర్మం సగం కారణం. ఇనుమును జీర్ణించుకొని దాచుకోగల భక్షకకణాల సామర్థ్యం మిగతా సగం.
* కరగని సిలికా, లొంగని క్షయ సూక్ష్మజీవి, కరిగే ఇనుప ఆక్సైడు అనే మూడింటి పోలిక, రేణువుల హానిని పేరుతోనో పరిమాణంతోనో కాక కరిగే గుణం, ఉపరితలం, మోతాదులతో కొలవాలని తెలియజేస్తుంది.
* 'కణం' అనే ఒకే మాటతో రెండు భావాలను చెప్పే అలవాటును శాస్త్రరచనలో మానుకొని, రేణువు, జీవకణం అనే పదాలను నియతంగా వాడితే ఇటువంటి విషయాలు తెలుగులో సందిగ్ధం లేకుండా చెప్పవచ్చు. నాపబండల దుమ్ములో పనిచేసేవారికి తమ ఊపిరితిత్తిలో జరిగేదేమిటో తమ భాషలో స్పష్టంగా తెలియడం శాస్త్రపరిభాషకు నిజమైన ప్రయోజనం.